శుభ్రమైన గీత: పచ్చబొట్టు కళలో లోతు, బిగువు, వేగం

యూనిట్ 7

7.0 ఉద్దేశం

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు చర్మంలో గీత ఎక్కడ నిలుస్తుందో, ఎందుకు చెదురుతుందో వివరించగలుగుతారు. మాని ఉన్న ఒక గీతను చూసి, దానిని వేసిన చెయ్యి ఎక్కడ పొరబడిందో గుర్తించగలుగుతారు. మనిషి చర్మం మీద సూది పెట్టే ముందు ఎంత సాధన, ఏ వరుసలో చేయాలో నిర్ణయించుకోగలుగుతారు. సూదుల శుభ్రత, రక్తం ద్వారా సోకే వ్యాధుల విషయం ఇంతకు ముందు యూనిట్లలో చదివారు. వాటిని ఇక్కడ మళ్లీ చెప్పడం లేదు, కానీ అవి మీకు వచ్చునన్న నమ్మకంతోనే ఈ పాఠం సాగుతుంది.

7.1 పరిచయం

పచ్చబొట్టు అనే మాటను ఒకసారి ఆలోచించండి. మన పల్లెల్లో పచ్చబొట్లు పొడిచినవారు వాడింది దీపపు మసి. మసి నల్లగా ఉంటుంది. మరి పేరులో పచ్చ ఎందుకొచ్చింది? అమ్మమ్మల ముంజేతుల మీద చుక్కలను, పేర్లను చూసినవారికి జవాబు తెలుసు. అవి నల్లగా కనబడవు, నీలానికీ ఆకుపచ్చకూ మధ్య రంగులో కనబడతాయి. నల్లని మసి చర్మం పైపొరల కింద ఉన్నప్పుడు, ఆ పొరలు వెలుతురులోని నీలి భాగాన్ని ఎక్కువగా చెదరగొట్టి మన కంటికి తిప్పి పంపుతాయి. తక్కిన రంగులు లోపలికి పోయి మసిలో ఇంకిపోతాయి. చేతి మీది సిరలు నీలంగా కనబడడంలో కూడా ఈ చెదరడం పాత్ర ఉంది.

ఊరూరా తిరిగి సోదె చెప్పి, పచ్చబొట్లు పొడిచిన ఎరుకల స్త్రీలు ఈ కాంతి శాస్త్రం చదవలేదు. అయినా ఎంత లోతున పొడిస్తే బొట్టు నిలుస్తుందో వారి వేళ్లకు తెలుసు. నేటి స్టూడియోలో కూడా నేర్చుకోవలసినది మొదట అదే. సిరా రంగు, గీత మందం, అంచు పదును, ఈ మూడింటినీ నిర్ణయించేది ప్రధానంగా లోతు. గీత లోతుగా దిగినకొద్దీ నీలిగా, మసకగా కనబడుతుంది. అందువల్ల వణకని చెయ్యి ఉంటే చాలు, గీత శుభ్రంగా వస్తుందన్న అభిప్రాయాన్ని ఈ పాఠం మొదట్లోనే పక్కన పెడదాం.

7.2 గీత నిలిచే చోటు

చర్మంలో పైన ఉన్నది బాహ్యచర్మం. అరచేతులు, అరికాళ్లు మినహాయిస్తే చాలా చోట్ల దీని మందం మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూ మాత్రమే. ఇది నిరంతరం రాలిపోతూ, కింది నుంచి కొత్తగా పుడుతూ ఉంటుంది. సిరా ఇక్కడే ఆగిపోతే కొన్ని వారాల్లో పొట్టుతో పాటు పోతుంది. దాని కింద అంతశ్చర్మం ఉంది. రక్తనాళాలు, నాడులు, కొలాజెన్ పోగులు ఉన్న గట్టి పొర ఇది. గీత నిలవవలసిన చోటు ఇదే. ఇంకా కిందికి పోతే కొవ్వు పొర. అది వదులుగా ఉంటుంది కాబట్టి, అక్కడికి చేరిన సిరా బ్లాటింగ్ పేపరు మీద పడినట్టు పరచుకుంటుంది.

సాధారణంగా చర్మం ఉపరితలం నుంచి 1 నుంచి 2 మిల్లీమీటర్ల మధ్య లోతును పనికి తగినదిగా చెబుతారు. ఈ అంకెను గుడ్డిగా పట్టుకోవద్దు. వీపు మీద చర్మం మందం. మణికట్టు లోపలివైపు, మోచేతి మడత, చీలమండ దగ్గర పలుచన. వీపు మీద సరిపోయిన లోతు మణికట్టు దగ్గర కొవ్వు పొరను తాకవచ్చు. వయసు పైబడినవారి చర్మం మరీ పలుచగా, వదులుగా ఉంటుంది.

అంతశ్చర్మంలో సిరా ఎలా ఉండిపోతుందన్నది కూడా తెలుసుకోదగినదే. సూది చేసిన గాయం దగ్గరకు శరీర రక్షణ వ్యవస్థలోని స్థూలభక్షక కణాలు చేరి సిరా రేణువులను మింగుతాయి. వాటిని కరిగించలేవు, అలాగే లోపల పెట్టుకుని ఉంటాయి. ఫ్రాన్స్‌లోని శాస్త్రవేత్తలు ఎలుకలపై చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో, ఈ కణాలు చనిపోయినప్పుడు విడుదలైన రేణువులను కొత్తగా వచ్చిన కణాలు మళ్లీ మింగుతాయని తేలింది. అంటే మనం శాశ్వతం అనుకునే గీత, నిజానికి చేతులు మారుతూ అదే చోట ఉంటున్న సరుకు లాంటిది. ఏళ్లు గడిచేకొద్దీ గీత కొంచెం లావెక్కి, అంచులు మెత్తబడతాయి. ఎంత నిపుణుడు వేసినా ఇది తప్పదు. దీనిని ముందే లెక్కలోకి తీసుకుని బొమ్మ గీయాలి.

7.3 సూది, మెషీన్

1876లో థామస్ ఎడిసన్ ఒక విద్యుత్ కలానికి పేటెంట్ పొందాడు. అది రాసే కలం కాదు. కాగితానికి వరుసగా సన్నని రంధ్రాలు చేసేది. ఆ రంధ్రాల గుండా సిరా పూసి నకళ్లు తీసేవారు. ఈ ఆలోచననే ఆధారం చేసుకుని 1891లో న్యూయార్క్‌లో శామ్యూల్ ఓ'రైలీ పచ్చబొట్టు మెషీన్‌కు పేటెంట్ పొందాడు. ఈ చరిత్రను పరీక్ష కోసం చెప్పడం లేదు. పచ్చబొట్టు గీత నిజానికి ఒకే గీత కాదని, ఒకదానికొకటి ఆనుకున్న రంధ్రాల వరుస అని గుర్తుండాలని చెబుతున్నాను. ఈ ఒక్క మాట పట్టుబడితే తరువాతి భాగమంతా తేలిక.

గీతలకు వాడే సూదులను రౌండ్ లైనర్ అంటారు. కొన్ని సూదులను గుండ్రంగా, మొనలు దగ్గరగా చేర్చి అతుకుతారు. 3ఆర్‌ఎల్ అంటే మూడు సూదుల గుత్తి, 7ఆర్‌ఎల్ అంటే ఏడు. ఒక్కో సూది మందం సాధారణంగా 0.30 లేదా 0.35 మిల్లీమీటర్లు. వీటినే పెట్టెల మీద 10, 12 నంబర్లతో సూచిస్తారు. సన్నని గీతలు ముచ్చటగా ఉంటాయి కాబట్టి కొత్తవారు 3ఆర్‌ఎల్‌తో మొదలుపెడతారు. అది పొరపాటని నా అభిప్రాయం. మూడు సూదుల గుత్తి చేతిలోని ప్రతి చిన్న కదలికనూ చూపిస్తుంది, చర్మంలోకి సులువుగా లోతుగా దిగుతుంది. 7ఆర్‌ఎల్ కొంత క్షమిస్తుంది. దానితో నిలకడ వచ్చాక సన్నని వాటికి దిగండి.

కాయిల్ మెషీన్, రోటరీ మెషీన్, పెన్ ఆకారంలోని వైర్‌లెస్ మెషీన్ అంటూ రకాలున్నాయి. ఏది మంచిదన్న వాదనలో కాలం వృథా చేసుకోవద్దు. ఒకటి ఎంచుకుని, దానితోనే కనీసం ఆరు నెలలు పని చేయండి.

7.4 చేయి వేగం: ఒక చిన్న లెక్క

మెషీన్ సెకనుకు 100 సార్లు సూదిని దించి లేపుతున్నదనుకుందాం. మీ చెయ్యి సెకనుకు 20 మిల్లీమీటర్లు కదిలితే, ఒక్కో మిల్లీమీటరుకు 5 పోట్లు పడతాయి. రెండు పోట్ల మధ్య దూరం 0.2 మిల్లీమీటర్లు. ఒక్కో పోటు అర మిల్లీమీటరు వెడల్పున సిరా వదిలిందనుకుంటే, పోట్లు ఒకదానిపై ఒకటి పడి గీత నిండుగా వస్తుంది.

అదే మెషీన్‌తో చెయ్యి సెకనుకు 60 మిల్లీమీటర్లు పరుగెత్తితే, పోట్ల మధ్య దూరం 0.6 మిల్లీమీటర్లు. ఇప్పుడు ఖాళీలు పడతాయి. కుట్టుమిషన్‌పై గుడ్డను వేగంగా లాగితే కుట్టు ఎడం అవుతుంది కదా, అలాగే. మాని చూసేసరికి గీత చుక్కల వరుసగా మిగులుతుంది. చెయ్యి సెకనుకు 5 మిల్లీమీటర్ల చొప్పున పాకితే ఒక్కో మిల్లీమీటరుకు 20 పోట్లు. చర్మం నలిగి, రక్తం, ద్రవం ఎక్కువగా ఊరి, సిరాను బయటికి నెడతాయి. అక్కడ గీత ఉబ్బుగా మచ్చకట్టే ప్రమాదం ఉంది.

ఈ లెక్కను బట్టి రెండు విషయాలు తేలుతున్నాయి. భయపడి మరీ నెమ్మదిగా వెళ్లడం జాగ్రత్త కాదు, హాని. అలాగే మెషీన్ వేగాన్ని మార్చితే చేయి వేగాన్ని కూడా మార్చాలి. ముందుగా మీ చేతికి సహజమైన వేగమేదో కాగితం మీద పెన్నుతో తెలుసుకోండి. వణుకు లేకుండా 10 సెంటీమీటర్ల గీతను ఎన్ని సెకన్లలో లాగగలరో చూసి, ఆ వేగానికి మెషీన్‌ను సరిచేసుకోండి. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. ఎవరో చెప్పిన వోల్టేజి పెట్టుకుని, చేతిని దాని వెంట పరుగెత్తిస్తారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మెషీన్ సెకనుకు 80 పోట్లు వేస్తున్నది, చెయ్యి సెకనుకు 40 మిల్లీమీటర్లు కదులుతున్నది. రెండు పోట్ల మధ్య దూరం ఎంత? ఒక పోటు వెడల్పు 0.4 మిల్లీమీటర్లయితే గీత నిండుగా వస్తుందా? (జవాబు: 0.5 మిల్లీమీటర్లు. రాదు.)

7.5 బిగువు

కౌన్సెలింగ్ తరగతుల్లో విద్యార్థులు ఎక్కువగా అడిగేది చేతి వణుకు గురించి. వారి గీతల ఫొటోలు చూస్తే, తప్పు కుడి చేతిలో కంటే ఎడమ చేతిలోనే ఎక్కువసార్లు కనబడుతుంది. గీత గీసేది కుడి చెయ్యి, చర్మాన్ని బిగువుగా పట్టేది ఎడమ చెయ్యి. ఎడమచేతి వాటం వారికి ఇది తారుమారు.

వదులుగా ఉన్న చర్మం సూది ముందు ముడతపడుతుంది, సూది లేచేటప్పుడు దానితో పాటు లేస్తుంది. అందువల్ల లోతు పోటుపోటుకూ మారుతుంది. గీత వంకర పోయినట్టు కనబడేది చాలాసార్లు ఇందుకే. అక్కడ కదిలింది చర్మం, చెయ్యి కాదు. సరైన పద్ధతి మూడు వైపులా లాగడం. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు చర్మాన్ని రెండు వైపులకు విప్పి పట్టుకుంటాయి. మెషీన్ పట్టుకున్న చేతి చిటికెనవేలి పక్క భాగం చర్మం మీద ఆని మూడో వైపుకు నెడుతుంది. డప్పు మీద తోలు ఎలా బిగుతుందో అలా ఉండాలి, కానీ మనిషికి నొప్పి కలిగేంతగా కాదు.

మోచెయ్యి, మోకాలు, పక్కటెముకలు, పొట్ట, మెడ దగ్గర ఇది కష్టం. అక్కడ మనిషిని పడుకోబెట్టే తీరే సగం పని చేస్తుంది. ముంజేతి కింద దిండు పెట్టడం, పక్కకు తిరిగి చేతిని తల పైకి చాపించడం వంటివి చేసి, చర్మం దానంతట అదే సాగేలా చూడాలి. గ్లోవ్ జారిపోతుంటే, పొడి టిష్యూను వేళ్ల కింద పెట్టుకుని లాగండి. బిగువు సరిపోకపోతే గీత మొదలుపెట్టకండి. సగంలో బిగువు జారితే పాదం పెడల్ మీద నుంచి తీసి, సూదిని లేపి, మళ్లీ పట్టుకోండి.

7.6 చెయ్యి, కన్ను, ఊపిరి

సంక్రాంతికి ముగ్గు వేసే ఇల్లాలిని గమనించండి. ఆమె చూపు వేళ్ల నుంచి రాలుతున్న పిండి మీద ఉండదు. పోవలసిన తరువాతి చుక్క మీద ఉంటుంది. లైన్‌వర్క్‌లో కూడా ఇంతే. సూది మొనను చూస్తూ పోతే గీత తడబడుతుంది, కొంచెం ముందున్న స్టెన్సిల్‌ను చూస్తూ పోతే సాఫీగా సాగుతుంది. పొడవు గీతను వేళ్లతో గీయకూడదు. వేళ్లు మెషీన్‌ను పట్టుకుని ఊరుకోవాలి. మణికట్టును బిగించకుండా నిలిపి, మోచెయ్యి నుంచి, ఇంకా పొడవైతే భుజం నుంచి కదలాలి. చిన్న వంపులకు మాత్రమే వేళ్ల కదలిక పనికొస్తుంది.

సూది చర్మానికి దాదాపు నిటారుగా, కొద్దిగా మాత్రమే వాలి ఉండాలి. పక్కకు ఎక్కువగా వాల్చితే సిరా గీతకు ఒక వైపున చర్మం కిందకు జారి, అక్కడ మాత్రమే నీలి నీడ పరచుకుంటుంది. ఊపిరి విడుస్తూ గీత లాగడం మంచి అలవాటు. ఊపిరి బిగబట్టి గీస్తే, ఊపిరి ఆడక చెయ్యి కదిలేది సరిగ్గా గీత చివరనే. ఖాళీ కడుపుతో, వరుసగా రెండు కాఫీలు తాగి కూర్చోవద్దని కూడా చెప్పాలి. చిన్న విషయంలా ఉంటుంది గానీ వణుకుతో వచ్చే విద్యార్థుల్ని నేను మొదట అడిగేది ఇదే.

7.7 స్టెన్సిల్ నుంచి గీతల కలయిక వరకు

స్టెన్సిల్ అతికించేటప్పుడు మనిషి సహజంగా నిలబడి ఉండాలి. చెయ్యి తిప్పి బల్లమీద పెట్టినప్పుడు అతికిస్తే, లేచి నిలబడేసరికి నిటారు గీత మెలి తిరుగుతుంది. స్టెన్సిల్ బాగా ఆరాక, కుడిచేతి వాటం వారు కింది కుడి మూల నుంచి పైకి పని చేయడం మేలు. అప్పుడు తుడిచే చెయ్యి ఇంకా గీయని స్టెన్సిల్ మీదుగా పోదు. రుద్దకుండా అద్దినట్టు తుడవండి.

గీతను ఒకే ఊపులో పూర్తి చేయలేనప్పుడు కలయిక వస్తుంది. గీత చివరికి చేరాక సూదిని గబుక్కున ఆపితే అక్కడ సిరా బొట్టులా చేరుతుంది. విమానం నేలను వదిలినట్టు, చెయ్యి కదులుతుండగానే సూది మెల్లగా లేవాలి. తిరిగి మొదలుపెట్టేటప్పుడు, ఆగిన చోటికి కొన్ని మిల్లీమీటర్ల వెనుక నుంచి చేతిని కదిలిస్తూ అదే వాలులో దిగాలి. రెండు పలుచని చివరలు ఒకదానిమీద ఒకటి పడి ఒకే మందం అవుతాయి. మూలల దగ్గర మాత్రం పద్ధతి వేరు. రెండు గీతలనూ మూల వైపుకు లాగి అక్కడ లేపాలి. ఒకే గీతను మూల తిప్పితే మూల మొద్దుబారుతుంది.

7.8 తప్పు గీతను చదవడం

గీత వేసిన రోజు చూసి తీర్పు చెప్పవద్దు. చర్మం వాచి ఉంటుంది, వాపులో తప్పులు దాక్కుంటాయి. పైపొర మానడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఆరు వారాల తరువాత చూసిన గీతే మీ అసలైన పరీక్షపత్రం.

మాని చూసేసరికి గీత అక్కడక్కడ మాయమై ఉంటే లోతు చాలలేదని, లేదా చెయ్యి వేగంగా పోయిందని అర్థం. ఈ రెండింటినీ వేరు చేయవచ్చు. చుక్కలు చుక్కలుగా మిగిలితే వేగం, ఒకచోట మొత్తంగా వెలిసిపోతే లోతు. గీత చుట్టూ రెండు వైపులా నీలి మసక ఉంటే లోతు ఎక్కువైంది. ఒక వైపునే ఉంటే సూది వాలింది. ఈ మసకను బ్లోఅవుట్ అంటారు. దానిని సరిదిద్దే మార్గం దాదాపు లేదు, గీతను లావు చేసి దాచవలసిందే. వేలితో తడిమితే గట్టుగా తగులుతున్నదంటే, ఒకే చోట ఎక్కువసార్లు తిరిగారు. గీత పక్కన మరో సన్నని గీత కనబడితే, రెండోసారి వెళ్లినప్పుడు మొదటి దారి తప్పింది. కొత్తవారు ఎక్కువగా చేసేది ఇదే. సన్నగా వచ్చిందని, వణికిందని అదే పూట మూడోసారి, నాలుగోసారి వెళ్తారు. గాయపడిన చర్మం సిరాను పట్టదు. సందేహం ఉన్న గీతను మానే వరకు వదిలేసి, ఆ తరువాత టచప్ చేయడం సరైనది. ఆ విషయం ముందే మనిషికి చెప్పండి, దాచవద్దు.

7.9 తెలుగు అక్షరాల విషయం

మన ప్రాంతంలో పనిచేసేవారి దగ్గరకు వచ్చేవారిలో చాలామంది అడిగేది అమ్మ పేరు, నాన్న పేరు, బిడ్డ పేరు. తెలుగు లిపి గుండ్రని వంపులతో నిండినది. నిలువు అడ్డం గీతలున్న లిపి కంటే వంపుల లిపిలో గీత తప్పు త్వరగా బయటపడుతుంది. అక్షరాల మధ్య తేడాలు కూడా చాలా చిన్నవి. 'ద' లోపల చుక్క పెడితే 'థ', కింద చిన్న గీత పెడితే 'ధ'. 'ర' సున్నలో చుక్క పడితే 'ఠ'. సెంటీమీటరు కంటే చిన్న అక్షరంలో ఈ చుక్క చుట్టూ ఉన్న ఖాళీ ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఏళ్లు గడిచి గీతలు లావెక్కితే ఖాళీ పూడి, అక్షరం ముద్దవుతుంది.

అందువల్ల అక్షరం లోపలి ఖాళీ గీత మందానికి కనీసం మూడు రెట్లు ఉండేలా బొమ్మ గీయమని నా సలహా. అంత చోటు లేకపోతే అక్షరాన్ని పెద్దది చేయాలి, లేదా శరీరం మీద వేరే చోటు ఎంచుకోవాలి. వేలి పక్కన 'రాధ' అని అతి సన్నగా రాయమంటే, ఒప్పుకోకపోవడమే ఆ మనిషికి చేసే మేలు. స్టెన్సిల్ వేసే ముందు పేరును ఆ మనిషి చేతే కాగితం మీద రాయించి, దాని ప్రకారం అక్షరం అక్షరం సరిచూసుకోండి. 'సుధ'లో కింది గీత మరిచి 'సుద' అని పొడిస్తే, ఎంత శుభ్రమైన గీతైనా ప్రయోజనం లేదు. స్టెన్సిల్ అతికిన తరువాత అద్దంలో కాకుండా నేరుగా, లేదా ఫొటో తీసి చూపించండి. అద్దంలో అక్షరాలు తిరగబడతాయి, ఎవరూ తప్పు పట్టలేరు.

7.10 సాధన

శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడు కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద వెదురు కలంతో నల్లగీత గీస్తాడు. ఇనుప తుక్కు, బెల్లం నానబెట్టి చేసిన ఆ నలుపు తగిలిన క్షణమే గుడ్డను పట్టుకుంటుంది, చెరపడం కుదరదు. గీయకముందే గీత అంతా చేతిలో ఉండాలి. మన సాధన కూడా అలాంటిదే.

మొదటి రెండు నెలలు మెషీన్ ముట్టవద్దు. రోజుకు అరగంట, చెరపలేని పెన్నుతో సమాంతర గీతలు, సున్నాలు, అర్ధచంద్రాలు గీయండి. గోడ మీద కాగితం అతికించి భుజంతోనూ, బల్లమీద మోచేతితోనూ గీయండి. ఆ తరువాత మెషీన్‌కు సిరా లేకుండా, దాని బరువూ అదురూ అలవాటయ్యేలా పెన్ను కట్టి గీయండి. అప్పుడు ప్రాక్టీస్ స్కిన్ మీదికి రండి. సిలికోన్ చర్మం ఒక అబద్ధం చెబుతుంది. అది రక్తం కార్చదు, ఊపిరి తీయదు, వాచదు, మానదు. దానిమీద బ్లోఅవుట్ సరిగా తెలియదు. అందుకే చదునుగా పరచి సాధన చేసి ఊరుకోకుండా, సీసా చుట్టూనో, మీ తొడ చుట్టూనో చుట్టి వంపు మీద గీయండి. బత్తాయి తొక్క కూడా పనికొస్తుంది. లోతు ఎక్కువైతే రసం ఊరి చెప్పేస్తుంది.

మనిషి చర్మం మీద మొదటి గీత, అనుభవం గల గురువు పక్కన ఉండగానే వేయాలి. మొదటిసారి పేరు గానీ, ముఖం గానీ వద్దు. ముంజేతి బయటివైపు చిన్న ఆకు, నాలుగైదు గీతలు చాలు. ఆ మనిషికి మీరు నేర్చుకుంటున్నారన్న సంగతి స్పష్టంగా తెలిసి ఉండాలి, డబ్బు తీసుకోకూడదు. ఆరు వారాల తరువాత ఆయన్ను మళ్లీ పిలిచి, అదే వెలుతురులో ఫొటో తీసి, మొదటి రోజు ఫొటో పక్కన పెట్టి 7.8లో చెప్పిన తీరున గీతను చదవండి.

నమూనా ప్రశ్నలు

1. నల్ల సిరాతో పొడిచిన బొట్టు పచ్చగా కనబడడానికీ, బ్లోఅవుట్ నీలిగా కనబడడానికీ గల కారణాన్ని పోల్చి రాయండి.

2. చర్మం బిగువు సరిగా లేనప్పుడు లోతు ఎలా మారుతుంది? పక్కటెముకల మీద గీత వేయవలసి వస్తే మీరు మనిషిని ఎలా పడుకోబెడతారు?

3. మీ ఇంట్లో ఒకరి పేరును 8 మిల్లీమీటర్ల ఎత్తున, తరువాత 20 మిల్లీమీటర్ల ఎత్తున ఒకే మందం గల పెన్నుతో రాయండి. ఏ అక్షరాల లోపలి ఖాళీ గీత మందానికి మూడు రెట్లు లేదో కొలిచి, పట్టికగా రాసి కౌన్సెలింగ్ తరగతికి తీసుకురండి.